టీకా వేయించాక ఫిట్స్ వచ్చాయి, రెండో డోసంటే భయంగా ఉంది

పాపాయి_అమ్మ:
మా పాపకి ఏడాది నిండాక ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా రాకుండా వేసే టీకా) మొదటి డోసు వేయించాం. తొమ్మిదో రోజు జ్వరం 103 దాటి ఒళ్ళు బిగుసుకుపోయింది, కళ్ళు తేలేసింది. రెండు నిమిషాలుంటుందేమో, నాకింకా కళ్ళ ముందే ఉంది. డాక్టర్ గారు "జ్వరం ఫిట్సే, కంగారు లేదు" అని పంపేశారు. తర్వాత నెట్‌లో చూస్తే, టీకా వేసిన రెండో వారంలో ఫిట్స్ ముప్పు రెండు మూడు రెట్లు పెరుగుతుందని ఉంది. ఇప్పుడు రెండో డోసు వేయించాలా వద్దా? ఇలా జరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

లెక్కల_టీచర్:
అమ్మా, రెట్లు అన్న మాట కనిపిస్తే ముందు "అసలు ఎంతమందిలో?" అని అడగాలి. 1995లో బ్రిటన్‌లో ఒక రకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపని హెచ్చరిక వచ్చింది. నిజానికి 7000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తోంది, అంతే. కానీ ఆ లెక్క ఎవరూ విడమరిచి చెప్పకపోవడంతో చాలామంది భయపడి మాత్రలు మానేశారు, మరుసటి ఏడాది అబార్షన్లు వేలల్లో పెరిగాయి. మీ విషయంలోనూ అంతే, ఈ టీకా వల్ల అదనంగా ఫిట్స్ వచ్చేది సుమారు 3000 నుంచి 4000 మంది పిల్లల్లో ఒకరికి. అదే తట్టు సోకితే దాదాపు 1000 మందిలో ఒకరికి మెదడు వాపు వస్తుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇద్దరు_పిల్లల_నాన్న:
మేము ఈ టీకాతో ఆటిజం వస్తుందన్న భయంతో పెద్దవాడికి వేయించడం ఆపేశాం. ఆ భయానికి మూలం 1998లో 12 మంది పిల్లల మీద రాసిన ఒక పేపర్ అనీ, 2010లో దాన్ని ఆ పత్రికే వెనక్కి తీసుకుందనీ మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. డెన్మార్క్‌లో 6.5 లక్షల మందికి పైగా పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించి, 2019లో సంబంధం లేదని తేల్చారు. ఈలోపు మావాడికి తట్టు వచ్చేసింది. దద్దుర్లు తగ్గాయి కదా అనుకుంటే, తర్వాత కొన్ని నెలలు వరసగా చెవినొప్పి, దగ్గు, జ్వరం. తట్టు వచ్చి తగ్గిన పిల్లల్లో వేరే జబ్బులతో పోరాడడానికి అప్పటికే ఉన్న యాంటీబాడీలు 11 నుంచి 73 శాతం వరకు పోయాయని మరో పరిశోధన చెప్పింది, అది కూడా 2019లోనే. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడి బాధ మా నిర్ణయం వల్లే.

కమ్యూనిటీ_మెడిసిన్_పీజీ:
అక్కా, డాక్టర్ దగ్గర మీకు దొరికింది "కంగారు లేదు" అన్న ఆ ఒక్క మాటే అయినందుకు బాధగా ఉంది. మొదటి ఏడాదిలో నేనూ అంతే చెప్పేవాణ్ణి. తర్వాత ట్రైనింగ్‌లో ఇళ్ళకి పంపారు. టీకాల రిజిస్టర్‌లో "నిరాకరించారు" అని రాసి ఉన్న ఒక ఇంటికి వెళ్ళి, ఏమీ చెప్పకుండా "ఎందుకు ఆగారమ్మా?" అని మాత్రం అడిగాను. వాళ్ళ బాబుకీ ఫిట్సే. ఎవరూ అడగలేదు కాబట్టి ఆవిడా చెప్పలేదు. వార్డులో ఎన్నేళ్ళు పనిచేసినా ఆ సంగతి నాకు తెలిసేది కాదు.

ఇక మీ ప్రశ్న. జ్వరం ఫిట్స్ ఐదేళ్ళలోపు పిల్లల్లో 2 నుంచి 5 శాతం మందికి ఏదో ఒక జ్వరంలో వస్తూనే ఉంటాయి, రెండు నిమిషాల ఫిట్స్‌తో మెదడు దెబ్బతినదు, రెండో డోసు ఆపాల్సిన పనీ లేదు. ఈ టీకాలో ఉండేది బలహీనపరిచిన వైరస్, అది ఒంట్లో పెరగడానికి వారం పడుతుంది, అందుకే జ్వరం అప్పుడొస్తుంది. మొదటి డోసుతోనే దాదాపు 93 శాతం మందికి తట్టు నుంచి రక్షణ వచ్చేస్తుంది, కాబట్టి రెండోసారి చాలామందిలో ఆ వైరస్ పెరగదు, జ్వరమూ తక్కువే. రెండు డోసులతో రక్షణ 97 శాతానికి చేరుతుంది. అయితే ఫిట్స్ 15 నిమిషాలు దాటినా, ఒకే రోజులో మళ్ళీ వచ్చినా, జ్వరం లేకుండా వచ్చినా ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి.

టీకా_గది_నర్సు:
మళ్ళీ వస్తే పాపని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా గానీ నీళ్ళు గానీ పెట్టకండి, టైమ్ చూసుకోండి. ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆస్పత్రికి. ముందు జాగ్రత్తగా పారాసిటమాల్ వేసినా ఫిట్స్ ఆగవు. జ్వరం వచ్చి పాప నలతగా ఉంటే వేయండి.

పాపాయి_అమ్మ:
అందరికీ చాలా థాంక్సండి. నిన్న ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఎన్ని నిమిషాలు, జ్వరం ఉందా, మళ్ళీ వచ్చిందా అని మీరు రాసినవే అడిగారు, నేను ఏడుస్తుంటే కాసేపు ఆగారు కూడా. వచ్చే సోమవారం వేయిస్తున్నాం. నర్సు గారూ, టీకా వేశాక ఏ రోజు నుంచి ఏ రోజు దాకా జ్వరం చూసుకోవాలి?

టీకా_గది_నర్సు:
ఆరో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా. ఆ రోజుల్లో రాత్రిళ్ళు కూడా ఒకసారి ఒళ్ళు తాకి చూడండి.