లేవడి వేళా, లేబడి వేళా? ఏనుగు లక్ష్మణకవి పద్యంలో ఒక్క అక్షరం

పుత్తూరు వాసి:
మంచి స్నేహితుడి లక్షణాలు చెప్పే పద్యం, బళ్లో చదివింది. "గోప్యంబు దాఁచుఁ బోషించు గుణము" దాకా వస్తుంది, "మిత్రుఁ డీ లక్షణంబుల" అన్న చివరి పాదమూ వస్తుంది. మధ్యలో "విడువఁ డాపన్ను" తర్వాత నా నోటికి "లేబడి వేళ నిచ్చు" అని తిరుగుతోంది, మా ఆవిడేమో "లేవడి" అంటోంది. నాకు శుక్రవారం లోపల తేలాలి. కువైట్‌లో ఫర్వానియాలో నాతో ఒకే గదిలో ఉన్నవాడు అక్కడి పని ముగించుకుని వచ్చేస్తున్నాడు. పాత గదివాళ్లమంతా తిరుపతిలో కలుస్తున్నాం, ఆ రోజు వాడికి ఈ పద్యం ఫ్రేము కట్టించి ఇవ్వాలని నా పట్టుదల. ఇరవై రెండేళ్ల వయసులో పోయినాం అక్కడికి. మొదట్లో నాకు జీతం సరిగ్గా పడేది కాదు. ఇంటికేమో డబ్బు పంపాలి, రాత్రంతా టెన్షన్. పొద్దున లేచి చూస్తే దిండు కింద మడిచిన దినార్లు ఉండేవి, వాడు అప్పటికే డ్యూటీకి పోయుండేవాడు. ఒక్కసారి కూడా నేను అడిగింది లేదు, వాడు చెప్పిందీ లేదు. అందుకే ఆ పాదంలో అక్షరం తప్పు పోకూడదు.

తిరుచానూరు అక్క:
"లేవడి"యే నాయనా. పద్యం మొత్తం పెడుతున్నా, ఫ్రేముకు ఇదే ఇచ్చేయ్.

అఘము వలన మరల్చు, హితార్థకలితుఁ
జేయు, గోప్యంబు దాఁచుఁ, బోషించు గుణము,
విడువఁ డాపన్ను, లేవడి వేళ నిచ్చు,
మిత్రుఁ డీ లక్షణంబుల మెలఁగుచుండు.

మదనపల్లె మాష్టారు:
పాఠం అక్క చెప్పిందే. అయితే "లేబడి" అన్నవాణ్ణి తప్పు పట్టడానికి నేను ఒప్పుకోను. రాబడి, దిగుబడి, పెట్టుబడి, ఏలుబడి, ఇవన్నీ ఏ అచ్చులో పోసినవో లేబడి కూడా అందులోదే. రాబడి ఉన్నప్పుడు లేబడి ఎందుకుండదు? "పడి" అన్నది ఒకచోట సరళమై "బడి" అయింది, ఇంకోచోట గసడదవల దారిలో పోయి "వడి" అయింది, నడవడి, ఒరవడి లాగా. రెండూ ఒక తల్లి బిడ్డలే అని నా నమ్మకం. పుత్తూరు తమ్ముడి నోరు "బ" పలికిందంటే దానికి కారణం ఉంది.

కోటకొమ్మల వీధి:
మాష్టారూ, వ్యుత్పత్తి వేరు, కవి రాసింది వేరు. ఛందస్సు మనల్ని ఆదుకోదు, అది మీకూ తెలుసు. తేటగీతి మూడో పాదం, లేవడి భగణం, లేబడీ భగణమే. యతి "వి"కీ "వే"కీ కుదిరింది కాబట్టి "వేళ"ను ఎవరూ కదపలేరు, దాని ముందున్న మాటకు ఆ కాపలా లేదు. అయినా ఆ పాదాన్ని బయటికి చదవండి ఒకసారి. విడువ, లేవడి, వేళ. వకారం మీద వకారం ఎలా నడిచిందో చూడండి. అక్కడ "బ" వేస్తే నడక తెగుతుంది. లక్ష్మణకవి చెవి అలాంటిది కాదు.

మదనపల్లె మాష్టారు:
చెవికి బాగుండటం పాఠనిర్ణయానికి ప్రమాణం కాదండీ. అలా అయితే ప్రతి పద్యాన్నీ మన చెవికి తగ్గట్టు దిద్దుకోవచ్చు.

కాళహస్తి పెద్దాయన:
బ, వ దగ్గరే ఆగిపోయారు మీరంతా. అసలు ఆ మాట అక్కడికి ఎందుకొచ్చింది? ఈ పద్యానికి మూలమైన భర్తృహరి సంస్కృత శ్లోకంలో అది లేనే లేదు. "ఆపద్గతం చ న జహాతి దదాతి కాలే". ఆపదలో ఉన్నవాణ్ణి విడవడు, సమయానికి ఇస్తాడు, అంతే. ఆ "కాలే"ను పట్టుకుని మనవాడు "లేవడి వేళ" చేశాడు. దాన్ని నిఘంటువు చూసి దారిద్ర్యం అని అర్థం చెప్పేస్తారు. నేను ఒప్పుకోను. దారిద్ర్యం ఏళ్ల తరబడి ఉండేది, లేవడి పూటకు వచ్చేది. లేకపోతే పక్కన "వేళ" ఎందుకు?

నేను కువైట్‌లో ఉండగా 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగింది. అప్పుడు నేనూ కుర్రవాణ్ణే. చేతిలో కువైట్ దినార్లు ఉండాయి, కష్టపడి దాచినవి. ముందు వాటిని ఇరాక్ దినార్‌తో సమానం చేసినారు, ఆ తర్వాత చెల్లవన్నారు. నేను పేదవాణ్ణా? కాదు. అయినా కుబ్బూస్ రొట్టె కొనడానికి చేతిలో ఏమీ లేదు. దాన్ని లేవడి అంటాను నేను. బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరి ఎడారిలో డేరాల్లో పడున్నాం, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానం దొరికేదాకా. లక్షా డెబ్భై వేల మందిని అలా తీసుకొచ్చినారంటారు. నా పక్కన ఉన్నది చంద్రగిరి పిల్లవాడు. ఊళ్లో ఉండగా వాడి ముఖం కూడా నాకు తెలియదు, కువైట్‌లో పరిచయమైనవాడే. నాకు జ్వరమొస్తే వరసలో తన వంతు వదులుకుని డేరాలోనే కూర్చున్నాడు, తన సీసాలో నీళ్లు మూతతో కొలిచి నాకు పోసినాడు. అందుకే చెబుతున్నా, "విడువఁ డాపన్ను" వేరు, "లేవడి వేళ నిచ్చు" వేరు. కూర్చోవడం మొదటిది, నీళ్లు పోయడం రెండోది. భర్తృహరి రెంటినీ విడిగా చెప్పినాడు, లక్ష్మణకవి ఆ గీతను ఇంకా స్పష్టం చేసినాడు.

తిరుచానూరు అక్క:
పెద్దాయనా, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ "వేళ" ఉంటే పూటకు వచ్చేదే అనడం మాత్రం నిలవదు. వేమన్న ఏమన్నాడు? "ఆపదైన వేళ నరసి బంధులఁ జూడు, భయము వేళఁ జూడు బంటుతనము, పేదవేళఁ జూడు పెండ్లాము గుణమును". పేదవేళ అన్నాడు కదా. పేదరికానికీ వేళ ఉంది అక్కడ.

కోటకొమ్మల వీధి:
వేమన పద్యంలో స్నేహితుడు లేడు, గమనించారా? బంధువు, బంటు, భార్య. ముగ్గురూ ఇంటి చుట్టూ ఉండేవాళ్లు. ఊరు దాటినవాడికి ఆ ముగ్గురిలో ఒక్కరూ పక్కన ఉండరు. అక్కడ లక్ష్మణకవి పద్యమే దిక్కు.

మదనపల్లె మాష్టారు:
వేమనను అంత తేలిగ్గా పక్కన పెట్టకండి. ఆ ఆటవెలదిలో మూడుసార్లు "వేళ" వేసి మూడుసార్లూ కొత్త బరువు తెచ్చినవాడు. ఆయన చెప్పింది పరీక్ష సంగతి, అందుకే "చూడు" అన్నాడు. లక్ష్మణకవి చెప్పింది లక్షణం. ఇక్కడ ఎవరూ ఎవరినీ పరీక్షించడం లేదు. నాకైతే వేమన్నే ఎక్కువ, ఎందుకంటే

కోటకొమ్మల వీధి:
మాష్టారూ, వేమన మీద వేరే చర్చ పెట్టండి, నేనూ వస్తాను.

పుత్తూరు వాసి:
అందరికీ దండాలు. పెద్దాయన చెప్పిన అర్థం నా గుండెకు తగిలింది, మేం కూడా పేదవాళ్లమని అక్కడ ఎప్పుడూ అనుకోలేదు, ఆ నెలకు లేదు, అంతే. "వ" వేయిస్తా. ఇంకొక్క సందేహం. "పోషించు గుణము" అంటే ఏమిటి? ఎవరి గుణం? వాడు నా గురించి ఫోర్‌మన్ దగ్గరికి పోయి, వీడికి వెల్డింగ్ బాగా వచ్చు, వీడితో బరువులు మోయించడమేంటని వాదించినాడు. ఆ మాటతోనే నా పని మారింది. అది పోషించడమా?

కాళహస్తి పెద్దాయన:
అది మూలంలోదబ్బయ్యా. "గుణాన్ ప్రకటీకరోతి". నీలోని మంచిని నలుగురికీ చెప్పడం. లక్ష్మణకవి దాన్ని "పోషించు" చేసినాడు. అది నాకు ఎప్పుడూ వెలితిగానే ఉంది.

తిరుచానూరు అక్క:
వెలితి ఎందుకు? నలుగురిలో చెబితే గుణం పెరగదా? పనిమంతుడని పేరొచ్చాక ఆ తమ్ముడు ఇంకా బాగా నేర్చుకునే ఉంటాడు. బయటికి చెప్పడం కన్నా పెంచడం పెద్ద మాట.

కోటకొమ్మల వీధి:
ఒప్పుకోను అక్కా. దాఁచు అన్న వెంటనే చాటు అన్న అర్థం రావాలి, ఆ ఎదురుబొదురు శ్లోకంలో ఉంది. దాచాల్సింది దాస్తాడు, చెప్పాల్సింది చెబుతాడు. "పోషించు"తో ఆ జోడీ విడిపోయింది. యతి కోసం "షిం" కావాల్సి వచ్చిందేమో, "జే"తో కుదరాలి కదా.

మదనపల్లె మాష్టారు:
యతి కోసం మాట మార్చుకునేంత కరువు లక్ష్మణకవికి లేదు. ఈ భర్తృహరి సుభాషితాలను ఎలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన కూడా తెలుగు చేశారు. తిమ్మన ఇంటిపేరులోనే మన పెన్న ఒడ్డు పుష్పగిరి ఉంది. ఆయన "గుణాన్" దగ్గర ఏ క్రియ వేశాడో చూడకుండా దీన్ని తేల్చలేం. పుస్తకం ఉన్నవాళ్లు ఆ పుట ఫొటో తీసి పెట్టండి. "కాలే"కు ఏం వేశాడో అది కూడా కనపడేట్టు తీయండి.