ఆరు నుంచి పది దాకా పీక్ రేటు: ముందు మోటారు ఆపాలా, ఏసీలు తగ్గించాలా?

గంటస్తంభం_పక్కన:
విజయనగరంలో కాంప్లెక్సు. కింద బట్టల షాపు, పైన కోచింగ్ సెంటరు, ఆ పైన 20 గదుల లాడ్జి. మెయిన్ మీటరు ఒక్కటే, టైమ్ ఆఫ్ డే లెక్క (వేళని బట్టి యూనిట్ రేటు మారుతుంది), అద్దెదార్లకి సబ్‌మీటర్లు. ఒకటిన్నర టన్ను ఏసీలు 22, గదికో 25 లీటర్ల గీజరు (2 కిలోవాట్లు), 5 హెచ్‌పీ బోరు మోటారు. పీక్, అంటే రేటు ఎక్కువుండే వేళ, సాయంత్రం 6 నుంచి 10. లోడు పగటికి జరపాలంటే ముందు ఏది?

నాగావళి_గట్టు:
మోటారే. టైమరు పెట్టి మధ్యాహ్నం ట్యాంకు నింపేయండి. కేంద్రం 2023లో తెచ్చిన నియమాల ప్రకారం సోలార్ గంటల్లో (ఎండ ఉండే పగటి వేళ) రేటు కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. మన రాష్ట్రంలో ఎంతో టారిఫ్ ఆర్డరులో (కరెంటు రేట్ల ఉత్తర్వు) చూసుకోండి.

చంపావతి:
లెక్క వేశారేటండీ? బోరు నీటిమట్టం నుంచి ట్యాంకుకి 40 మీటర్లనుకుందాం. 10,000 లీటర్లు ఎక్కించడానికి 1.1 యూనిట్లు. పంపు, మోటారు కలిపి సామర్థ్యం 40 శాతమే అన్నా 2.7. అదే 22 ఏసీలు ఒక్కోటి 1.5 కిలోవాట్లు లాగుతూ, కంప్రెసర్లు సగం సేపే తిరిగినా, నాలుగు గంటలకి 66 యూనిట్లు. మోటారుని ఒగ్గేయండి.

నాగావళి_గట్టు:
2.7 అయినా రోజూ ఖర్చే కదా. నేనన్నది సులువైన పని గురించి.

టెక్కలి_రోడ్డు:
మధ్యాహ్నం దాకా ట్యాంకు ఖాళీయేనా? 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో కరెంటు ఎన్ని రోజులు లేదో గుర్తుందా?

నాగావళి_గట్టు:
ఫ్లోట్ స్విచ్చులు రెండు పెట్టండి. కిందది సగం దగ్గర: మట్టం అక్కడికి దిగితే ఏ వేళైనా మోటారు నడవాలి. పైది సగం నుంచి నిండు దాకా, పగలు మాత్రమే. తుఫాన్లొచ్చే అక్టోబరు, నవంబరుల్లో టైమరు పక్కన పెట్టేసి నిండుగా ఉంచండి.

చంపావతి:
ఇంకా మోటారేనా! ఏసీల సంగతి వినండి. కాంటాక్టరుతో (దానంతటదే పనిచేసే పెద్ద స్విచ్చు) సప్లై కోసేయకండి. ఆగిన కంప్రెసరు వెంటనే మొదలైతే లోపల ఒత్తిడి సర్దుకోక అదనపు కరెంటు లాగుతుంది. గదికో ఐఆర్ కంట్రోలరు (రిమోట్‌లా ఏసీకి సిగ్నల్ పంపేది) పెట్టి 3.30 నుంచి 5.45 దాకా 23 డిగ్రీల్లో చల్లబరచండి, ఆరింటికి 26కి తెచ్చి ఫ్యాన్లు వేయండి. కరెంటు పోయి వస్తే అన్నీ ఒకేసారి లేవకుండా గుంపు గుంపుకీ మూడు నిమిషాల తేడా ఉండాలి.

కోచింగ్_సారు:
క్లాసు 4 నుంచి 7. కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి. 60 మందంటే 6 కిలోవాట్లు. ఒకటిన్నర టన్ను ఏసీ తీసేది 5.3. గోడలు చల్లబరచి ఏం లాభం? మీ ముందస్తు చల్లదనం అరగంటలో ఆవిరి. పైగా ఇక్కడి గాలిలో తేమ. 26 పెడితే కంప్రెసరు ఎక్కువసేపు ఆగి, తేమ దిగదు.

చీరలబజారు:
సిరిమాను పండగ వారంలో ఆరింటికి 26 పెడితే పట్టుచీర చూసేవాళ్లు పక్క షాపుకి పోతారు. తలుపు నిమిషానికోసారి తెరుచుకునే చోట చల్లదనం దాచడమేటి?

చంపావతి:
సరే, షాపు వద్దు. అసలు మాక్సిమమ్ డిమాండ్, అంటే ఒకేసారి లాగిన అతి ఎక్కువ లోడు, ఏ వేళ పడుతోందో మీటరులో చూశారా? డిమాండ్ చార్జీ దాని మీదే. ఉదయం 5.30కి 20 గీజర్లు ఒకేసారి లేస్తే 40 కిలోవాట్లు. 25 లీటర్లు 27 నుంచి 60 డిగ్రీలకి వేడెక్కడానికి అరగంట పడుతుంది. పది గీజర్లు 4.30కి, పది 5.00కి పెడితే అక్కడే 20 కిలోవాట్లు తగ్గుతాయి. స్నానాలు జరుగుతుంటే మళ్లీ లేస్తాయి కాబట్టి సగం సగం విడతలుగానే ఉంచాలి. ఇందులో ఎవరికీ చెమట పట్టదు.

గంటస్తంభం_పక్కన:
గీజర్లు లాడ్జివాళ్లవి, వాళ్లు ఒప్పుకోరు. అద్దెదార్లు కాస్త సర్దుకుంటే కదండీ బిల్లు తగ్గేది.

చీరలబజారు:
అదిగో! మా సబ్‌మీటరుకి యూనిట్ ఒకే రేటు, పగలైనా రాత్రైనా. మేము చెమటోడిస్తే మిగిలే డబ్బు ఓనరుగారి జేబుకి. ఇంతసేపూ మోటారు, ఏసీ అంటున్నారు గానీ ఈ మాట ఎవరూ అనలేదు.

కోచింగ్_సారు:
మాకూ అదే రేటు.

నాగావళి_గట్టు:
అయితే పీక్ యూనిట్లు, పగటి యూనిట్లు వేర్వేరుగా చూపే సబ్‌మీటర్లు వేయండి. మెయిన్ మీటరు రేట్లే వాటికీ వర్తింపజేయండి. మెయిన్ మీటరు గడియారం, వాటి గడియారాలు ఒకే టైము చూపాలి, పది నిమిషాల తేడా ఉన్నా ప్రతి నెలా గొడవే. డిమాండ్ చార్జీ వాటా రాతపూర్వకంగా ఉండాలి.

గంటస్తంభం_పక్కన:
ఆ మీటర్ల ఖర్చు ఎవరిది?

చీరలబజారు:
మీది.