బొగ్గయిన గింజ అడవిదో సాగుదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: తవ్వకాల్లో దొరికిన బార్లీ గింజల ఫొటోలు చూశాను. అన్నీ బొగ్గు ముక్కల్లాగే ఉన్నాయి. ఏరి తెచ్చినవో, పండించినవో ఎలా చెబుతారు?

జవాబు: గింజను వదిలేసి వెన్ను (కంకి) కాడను చూడండి. అడవి బార్లీ పండగానే కణుపుల దగ్గర తనంతట తానే విడిపోతుంది. అక్కడ మచ్చ నున్నగా ఉంటుంది. సాగు రకాన్ని నూర్చాలి, అందుకే మచ్చ చిరిగినట్టు గరుకుగా ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద ఈ మచ్చలు లెక్కపెట్టీ పెట్టీ నా మెడ పట్టేసింది!

అడిగినవారు: ఒక్క గరుకు మచ్చ దొరికితే చాలా?

జవాబు: చాలదు. పచ్చిగా కోసిన అడవి వెన్నును నూర్చినా అదే మచ్చ వస్తుంది. వందల కాడల్లో గరుకువి ఎన్ని ఉన్నాయో చూడాలి.

మరొకరు: ఇజ్రాయెల్‌లో గలిలీ సరస్సు ఒడ్డున ఓహలో 2 అనే తవ్వకాల స్థలంలో 23,000 ఏళ్ల నాటి అడవి బార్లీ దొరికింది. స్థిరమైన సాగు అంతకు పది వేల ఏళ్లకు పైగా తర్వాతి మాట.