అంకుడు కర్ర బొమ్మల మీద లక్క పొర ఎందుకు లేస్తోంది?

ప్రశ్న: విశాఖలో చిన్న లేత్ (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద ఏటికొప్పాక పద్ధతిలో, అంటే తిరిగే కర్రకే రంగు లక్క పట్టిస్తూ, అంకుడు కర్ర బరిణెలు చేస్తున్నాను. వారానికే లక్క పొలుసుల్లా లేస్తోంది, మూత దగ్గర కర్ర బీటలిస్తోంది. లోపం లక్కదా, కర్రదా?

జవాబు 1: బీట కర్రదేనండి. పచ్చి అంకుడు మెత్తగా తెగుతుంది కాబట్టి ఆరిందనుకుంటాం. బెరడు తీసి, రెండు చివర్లకూ మైనం పూసి, గాలి ఆడే నీడలో పెట్టండి. వారానికోసారి తూచండి, బరువు తగ్గడం ఆగేవరకూ లేత్ మీద పెట్టొద్దు. విశాఖ సముద్రపు గాలికి వానాకాలంలో మరీ ఆలస్యమవుతుంది. నడిమి బెండు (కొమ్మ మధ్యలోని మెత్తని భాగం) ముక్కలో ఉంటే ఎంత ఆరినా చీలుతుంది, దాన్ని వదిలి కోయండి.

జవాబు 2: లక్క సంగతి. అది అతుక్కునేది రాపిడి వేడికే. కర్ర జోరుగా తిరుగుతుండగా లక్క కడ్డీ అదిమితే కరిగి పడుతుంది. వేగం చాలకపోతే పైపైన అంటి ఊడుతుంది, మరీ అదిమితే మాడి నల్లబడుతుంది. గరుకు కాగితం పట్టాక దుమ్ము పొడిగుడ్డతో తుడవాలి, నూనె చెయ్యి తగలకూడదు. తర్వాత తిరుగుతుండగానే మొగలి ఆకు అదిమితే పొర సమంగా పరుచుకుని మెరుస్తుంది. ఈ ఆకును దాటవేయకండి, పనితనమంతా అక్కడే.

జవాబు 3: రంగు మీరే కలుపుతున్నారా? పసుపు, నీలిమందు, జాఫ్రా (నారింజ రంగునిచ్చే గింజలు) ఏదైనా పూర్తిగా ఆరాలి. తడి ఉంటే బుడగలొస్తాయి. లక్కను ఎక్కువసేపు కాచినా సాగుడు పోయి పనికిరాదు. తయారైన బరిణెను శానిటైజర్‌తో తుడవొద్దు, అందులోని ఆల్కహాల్ లక్కను కరిగిస్తుంది.