“టికెట్ ఇచ్చారు” అంటే ఏం ఇచ్చినట్టు?

ప్రశ్న: ఎన్నికలొస్తే చాలు, “ఫలానా ఆయనకి టికెట్ దక్కింది”, “టికెట్ రాలేదని అలిగాడు” అంటాం. నిజానికి పార్టీ చేతిలో పెట్టేది బీ-ఫారం. మరి ఈ టికెట్ ఎక్కడిది? బస్సు టికెట్ పోలికేనా?

జవాబు: బస్సులు పుట్టకముందు మాటండీ ఇది. అమెరికా ఇంకా ఇంగ్లండు వలసగా ఉన్నప్పుడే, 1711 నాటికే, ఒక వర్గం నిలబెట్టిన అభ్యర్థుల జాబితాను అక్కడ టికెట్ అనేవారు. అంటే చీటీ. ఫిలడెల్ఫియా కౌంటీ నుంచి పెన్సిల్వేనియా అసెంబ్లీకి ఎనిమిది మందిని పంపాలి. అన్ని పేర్లూ ఓటరు గుర్తుపెట్టుకుని రాసే బదులు, వర్గమే చీటీ చేతిలో పెడితే సుఖం కదా.

1764 అక్టోబరుకి ఈ మాట పార్టీ పేరే అయిపోయింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్, జోసెఫ్ గాలోవేలది ‘పాత టికెట్’. పెన్సిల్వేనియాకి యజమానులైన పెన్ కుటుంబం పెత్తనం తీసేసి నేరుగా ఇంగ్లండు రాజు కిందికి పోదామని వాళ్ల వాదన. వద్దన్నవాళ్లది ‘కొత్త టికెట్’. పోలింగ్ రాత్రంతా సాగింది. ముసలివాళ్లనీ, నడవలేనివాళ్లనీ కుర్చీల్లో మోసుకొచ్చారు (మనకేం కొత్త కాదు లెండి). ఫ్రాంక్లిన్ కొద్ది ఓట్లతో ఓడిపోయాడు.

మనలాంటి మాటల పిచ్చివాళ్లకి అసలు విందు ఇక్కడుంది. 1751లో రాసిన ఒక వ్యాసంలో ఫ్రాంక్లిన్ జర్మన్ వలసదారులను ‘బూర్స్’ అన్నాడు, మోటు పల్లెటూరివాళ్లని. మందలు కడుతున్నారనీ అన్నాడు. ప్రత్యర్థులు పాత కాగితం తవ్వితీసి, మిమ్మల్ని పందుల మంద అన్నాడు చూడండని జర్మన్లకు చెప్పారు. ఇంగ్లీషులో మగపందిని ‘బోర్’ అంటారు మరి! మోటువాళ్లన్నా ఓట్లు పోయేవేమో, పందులంటే ఇక చెప్పేదేముంది.

ఇంకొకరు: అక్కడ చీటీ ఒకటి, పేర్లు బోలెడు. మనకి మనిషికో టికెట్. అర్థం తిరగబడలేదూ?

జవాబు: తిరగబడింది. అక్కడ పేరు టికెట్ మీదికి ఎక్కేది, ఇక్కడ టికెట్టే మనిషి చేతికొస్తుంది. అందుకే మీ బస్సు పోలికని పూర్తిగా కొట్టిపారెయ్యను. పుట్టుక ఏదైనా, మన చెవికి అది అసెంబ్లీ లోపలికి పోనిచ్చే టికెట్‌గానే వినపడుతోంది. లేకపోతే “టికెట్లు అమ్ముకున్నారు” అన్న తిట్టు పుట్టేది కాదు.

ఇంకొకరు: మరి టికెట్ రానివాడికి “చీటీ చిరిగింది” అంటాం. అదీ ఈ చీటీయేనా?

జవాబు: అది వేరే గొడవ. కొత్త పోస్టు పెట్టండి, అక్కడ కొట్టుకుందాం.