ఒక్క కప్పు డ్రిప్పర్‌లో కాఫీ: ఒకరోజు పులుపు, ఒకరోజు మందం... కాటా పెట్టినా ఎందుకిలా?

సునాబెడ_అమ్మాయి:
అందరికీ నమస్కారం అండి. మాది ఒడిశాలో కోరాపుట్ దగ్గర సునాబెడ, ఇంట్లో అత్తమామలు, ఆయన అందరూ చా తాగేవాళ్ళే, కాఫీ పిచ్చి నాకొక్కదానికే, అందుకే ఒక్క కప్పు పడే ప్లాస్టిక్ డ్రిప్పర్ (కప్పు మీద పెట్టే గరాటు లాంటిది), దానికి సరిపోయే ఫిల్టర్ పేపర్లు తెప్పించుకున్నాను. కాఫీ మన కోరాపుట్ అరబికానే, గింజలు కొని చేత్తో తిప్పే చిన్న గ్రైండర్‌లో ఎప్పటికప్పుడు పట్టుకుంటున్నా. కాటా మాత్రం వంటింట్లో పిండి తూచే మామూలుది, గ్రాము గ్రాము చూపిస్తుంది, పాయింట్లు రావు.

రోజూ అదే లెక్క, 12 గ్రాముల పొడికి 180 గ్రాముల నీళ్ళు. అయినా సోమవారం తాగింది పుల్లగా నీళ్ళలా ఉంటే మంగళవారం తాగింది నాలిక మీద బరువుగా చేదుగా ఉంటోంది, ఏటి తేడా చేస్తున్నానో తెలీట్లేదు. నీళ్ళు మరిగాక రెండు నిమిషాలు ఆగి పోస్తున్నా, ఏదో వీడియోలో అలాగే చెప్పారు. పొద్దున్న ఆరింటికి అందరూ లేవకముందు నాకంటూ ఉండే పావుగంట ఇది, అది సరిగ్గా కుదరాలని ఉంది. తెలిసినోళ్ళు చెప్పండి.

రాయగడ_రైలుకట్ట:
అక్కా ముందు ఆ రెండు నిమిషాలు ఆగడం మానెయ్యండి. మీది కొండ మీద ఊరు, దాదాపు 900 మీటర్ల ఎత్తు, అక్కడ నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి, 100 దాకా వెళ్ళవు. ఎత్తు పెరిగే కొద్దీ 300 మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. మీరు దాన్నింకా రెండు నిమిషాలు వదిలేసి, పొద్దున్న చలిలో చల్లటి డ్రిప్పర్‌లో పోస్తే పొడిని తాకేసరికి 90 కూడా ఉండదేమో. సారం సగమే దిగుతుంది, ముందు దిగేది పులుపే కాబట్టి అదొక్కటే నాలిక్కి తెలుస్తుంది. గిన్నె దించగానే పోసెయ్యండి, మాడిపోదు. పేపర్ వేశాక ఓసారి వేడినీళ్ళు పోసి ఆ నీళ్ళు పారబోయండి, పేపర్ వాసన పోతుంది, డ్రిప్పరూ కప్పూ వేడెక్కుతాయి.

ఇంకోటి, గింజలు వేయించి ఎన్నాళ్ళైందో చూడండి. నిన్నో మొన్నో వేయించినవైతే గ్యాస్ ఎక్కువుండి నీళ్ళని లోపలికి పోనివ్వవు, వారం పది రోజులు ఆగితే బాగుంటాయి.

పర్లాకిమిడి_తూకం:
పైన తమ్ముడు చెప్పింది నిజమే, పులుపు రోజుల సంగతి అదే. కానీ మందంగా వచ్చే రోజుల దొంగ వేరే ఉన్నాడు, నాకైతే మీ కాటా మీదే అనుమానం. నేను పన్నెండేళ్ళ నుంచి తూకాల షాపులో పని చేస్తున్నా, ఇది రోజూ చూసేదే.

చవక కాటాలు చాలావాటిలో ఒక గుణం ఉంటుంది, సున్నా దగ్గర ఉన్నప్పుడు చిన్న చిన్న మార్పుల్ని గాలో వణుకో అనుకుని తనే మళ్ళీ సున్నా చేసేసుకుంటుంది. ఇప్పుడు మీరు కప్పు పెట్టి జీరో నొక్కి, గ్రైండర్ నుంచి పొడి చిటికెడు చిటికెడు రాలుస్తారు, మొదట రాలిన ఒకటి రెండు గ్రాములూ అది మింగేస్తుంది. అంకె 12 చూపించేసరికి నిజానికి 14 పడి ఉంటుంది. ఒకేసారి బోర్లించిన రోజు సరిగ్గా 12 పడుతుంది. మీకు రోజుకో రుచి అందుకే.

ఇంట్లోనే చూసుకోవచ్చు. మెల్లగా 12 రాల్చాక, ఆ పొడిని ఇంకో ఖాళీ గిన్నెలో (దాన్ని ముందే జీరో చేసి) ఒక్కసారే పోసెయ్యండి, అంకె మారితే దొంగ దొరికినట్టే. ఆ పొడి పెట్టిన కప్పునే ఎత్తి మళ్ళీ పెట్టి చూస్తే మాత్రం తెలీదు, ఎందుకంటే తప్పు సున్నాలోనే ఉంది.

మందు ఏటంటే, కప్పు పెట్టాక జీరో నొక్కకండి. కప్పు 110 అని చూపిస్తే 122 వచ్చేదాకా పొయ్యండి. బరువు సున్నాకి దూరంగా ఉంటే అది మింగదు. కాటా అసలు సరిగ్గా ఉందో లేదో చూడాలంటే మెడికల్ షాపులో 10 ఎంఎల్ సిరంజి కొని నీళ్ళు నింపి గిన్నెలో వదలండి, 10 గ్రాములు చూపాలి. అయిదుసార్లు వదిలితే 50.

బరంపురం_బాబాయి:
అమ్మా, ఇద్దరూ మంచిగానే చెప్పారు. నేను చేసేది చెప్తాను, నచ్చితే చూడు. 15 గ్రాముల పొడి, 240 గ్రాముల నీళ్ళు. పొడి ముట్టుకుంటే ఇసకలా ఉండాలి, పిండిలా కాదు. ముందు 35 గ్రాములు పోసి పొడి అంతా తడిసి పొంగేదాకా నలభై సెకన్లు ఆగుతాను, తాజా గింజైతే ఆ పొంగు మీద బుడగలు లేచి పగుళ్ళిస్తాయి, ఆ వాసన కోసమే నేను పొద్దున్నే లేస్తాను. మిగతా నీళ్ళు రెండు విడతల్లో సన్నగా తిప్పుతూ పోస్తాను. మొత్తం మూడు నిమిషాల్లో దిగిపోవాలి. రెండు నిమిషాలకే దిగిపోతే మెత్తగా పట్టు, నాలుగైనా దిగకపోతే బరకగా పట్టు. కప్పులో 240 రాదు, పొడి తన బరువుకి రెండింతలు నీళ్ళు ఉంచేసుకుంటుంది, 210 దాకా వస్తుంది, తక్కువైందని మళ్ళీ పోయకు.

ఒక్కసారికి ఒక్కటే మార్చు. పొడి మార్చిన రోజు నీళ్ళ వేడి మార్చకు, ఏది బాగుచేసిందో తెలియకుండా పోతుంది. చికోరీ కలిపిన పొడి ఈ పేపర్లో వెయ్యొద్దు, నాకైతే పేపర్ అడ్డుకుని నీళ్ళు దిగవు. చికోరీ కాఫీ, పాలతో తాగాలనుకుంటే మన స్టీలు ఫిల్టరే, 20 గ్రాములకి 100 గ్రాముల మరిగే నీళ్ళు, 60 దాకా డికాక్షన్ దిగుతుంది.

సునాబెడ_అమ్మాయి:
పర్లాకిమిడి అన్నా, మీరు చెప్పినట్టే రాత్రి తూచాను. మెల్లగా రాల్చి 12 అయ్యాక వేరే గిన్నెలోకి బోర్లిస్తే 14 చూపించింది! మళ్ళీ చేశాను, మళ్ళీ 14. ఇన్ని రోజులూ నా చెయ్యి కుదరట్లేదనుకుని బాధపడ్డాను.

ఈ పొద్దున్న జీరో నొక్కకుండా 12 తూచి, మరిగిన నీళ్ళు దించగానే పోశాను, 28 గ్రాములు పోసి నలభై లెక్కపెట్టాను. రెండు నిమిషాల యాభై సెకన్లకి దిగింది. పులుపు ఉంది గానీ నిమ్మకాయలా కాదు బాబాయ్ గారూ, పండిన చింతపండులో ఉండే తియ్యటి పులుపు, వెనకాల బెల్లంలా ఏదో. మా అత్తగారు వాసనకి లేచి వచ్చి సగం కప్పు తాగేశారు, రేపు నుంచి రెండు కప్పులకి తూచాలి. దానికి ఇదే డ్రిప్పర్‌లో 24 గ్రాములు పడతాయా, లేక రెండుసార్లు చెయ్యాలా?

బరంపురం_బాబాయి:
రెండుసార్లు చెయ్యమ్మా. ఒక్క కప్పు డ్రిప్పర్‌లో 24 వేస్తే పొడి లోతు ఎక్కువై నీళ్ళు నిలిచిపోతాయి. మొదటిది అత్తగారికి ఇచ్చెయ్.