జైల్లో ఉన్న తమ్ముడికి కౌన్సెలింగ్ అడగొచ్చా?

మదనపల్లి అక్క, కేఆర్ పురం:
మా తమ్ముడు కొట్లాట కేసులో బెంగళూరు పరప్పన అగ్రహార జైల్లో రిమాండ్‌లో ఉన్నాడు. రోజూ తాగేవాడు. లోపలికెళ్లిన కొత్తలో చేతులు వణికితే మందులిచ్చారు, తగ్గింది. ఇప్పుడు నిద్ర లేదు. మొన్న ములాఖత్‌లో "నా పని అయిపోయిందక్కా, ఇంక రావొద్దు" అన్నాడు. సైకాలజిస్టుతో మాట్లాడించమని అడగొచ్చా? చెప్పిందంతా కేసులో తన మీదికే వస్తుందని వాడి భయం. నాకూ అదే భయం.

చిత్తూరు లాయరు:
అడగొచ్చమ్మా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఖైదీలకూ వర్తిస్తుంది. 23వ సెక్షన్ కింద చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. దానికి మినహాయింపులున్నాయి, అందుకే ఆ రోజు గొడవలో ఏం జరిగిందో లాయరుకే చెప్పమనండి. జైల్లో పట్టించుకోకపోతే చికిత్స ఇప్పించమని కోర్టులో అర్జీ వేయించండి. కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని పెడుతుంది.

జైళ్లలో పనిచేసిన కౌన్సెలర్, జయనగర్:
అమ్మా, ముందు ఆ "పని అయిపోయింది" మాట. దాన్ని ఈరోజే సూపరింటెండెంట్‌కీ జైలు డాక్టరుకీ రాతపూర్వకంగా ఇవ్వండి. వాడన్న మాట వాడన్నట్టే రాయండి. వచ్చే ములాఖత్ దాకా ఆగొద్దు.

భయం సంగతికొస్తే, మేం కేసుతో మొదలుపెట్టం. నిద్రతో మొదలుపెడతాం. బ్యారక్‌లో రాత్రంతా లైటు, పక్కవాళ్ల మాటలు, బెయిల్ ఎప్పుడో తెలియదు. రెండు గంటలకి మెలకువొస్తే "నా బతుకింతే" అన్న ఆలోచన మొదలవుతుంది. దాన్ని కాగితం మీద పెట్టిస్తాం. దీనికి రుజువేంటి, కాదనడానికి ఏముంది అని ఇద్దరం కూర్చుని చూస్తాం. "మా అక్క వారంవారం వస్తోంది" అని ఒకబ్బాయి తనంతట తనే 'కాదనడానికి' వైపు రాశాడు. అందుకే రావొద్దన్నా వెళ్లండి. తాగుడు మానేశాక వచ్చే దిగులుకి డాక్టరు మాత్రలు కూడా అవసరం కావచ్చు, ఉత్త మాటలతో పోదు.

ఇలాంటివాళ్లు తక్కువేం కాదు. మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు ఈ బెంగళూరు జైల్లోనే 5 వేల మందికి పైగా ఖైదీలను పరీక్షించి 2011లో నివేదిక ఇచ్చారు. జైళ్లు ఎలా నడపాలో కేంద్రం ఇచ్చిన 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్ 500 మందికి ఒక సైకాలజిస్టు ఉండాలంటుంది. అడిగేవాళ్లు లేకపోతే అది కాగితం మీదే ఉండిపోతుంది, అడగండి.

పుళల్ జైలు నుంచి బయటికొచ్చినవాడిని, చెన్నై:
అక్కా, "పిచ్చి డాక్టరు దగ్గరికెళ్లాడు" అంటారని నేను చాలాకాలం వెళ్లలేదు. తమిళం రాక ఇంకా ముడుచుకుపోయాను. తెలుగొచ్చిన కౌన్సెలర్ కావాలని అర్జీలోనే రాయించండి. మీరు కూడా 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మదనపల్లి అక్క:
అర్జీ రాసి ఇచ్చి వచ్చాను, రసీదు తీసుకున్నాను. లాయరన్నా, వాడి పాత చికిత్స చీటీలు మదనపల్లిలో ఉన్నాయి, వాటిని కోర్టు అర్జీకి జతచేయాలా?

చిత్తూరు లాయరు:
జతచేయండమ్మా. జిరాక్సులు ఇవ్వండి, అసలువి మీ దగ్గరే ఉంచుకోండి.